విరామం లెక్క

ఓబో పిల్ల శ్రుతి ఇచ్చేది,
మిగతా నలభై మందిమీ దాన్ని అందుకునేవాళ్ళం.
అంటే, వాళ్ళు. నావి చేతాళాలు.
చేతాళాలకు శ్రుతి ఉండదు.

"నీ పనే హాయి, నెమోతో," అనేది కనోకో,
"రెండే దెబ్బలు. మిగతాదంతా నిలబడటం."
నిలబడటం కాదు, లెక్కపెట్టడం.
అరవై నాలుగు ఆవర్తాల మౌనం.
పెదవులు కదలకుండా
ఒకటి రెండు మూడు నాలుగు,
రెండు రెండు మూడు నాలుగు,
మూడు రెండు మూడు నాలుగు...
అవతలి ఒడ్డున ఒక్క దెబ్బ
నా కోసం కాచుకుని ఉంటుంది.

ఆ లెక్కలోనే దొరికింది
ఆమె మెడ వెనక పుట్టుమచ్చ.
వేసవి పోటీల్లో నలభై ఒకటి దగ్గర
ఆమె ఊపిరి తీసుకుంది, భుజాలు లేచాయి.
నలభై రెండు ఏమైందో నాకిప్పటికీ తెలియదు.
దెబ్బ ఒక ఆవర్తం ముందే పడింది.
హిగాషిదా మాస్టారు కర్ర దించలేదు,
కళ్ళు మాత్రం మూసుకున్నారు.
మాకు కంచు పతకం.
తిరుగు బస్సులో ఎవరూ నాతో మాట్లాడలేదు, ఆమె తప్ప.
ఆమె కూడా మాట్లాడలేదనుకోండి,
ఓబో రీడు ఊడదీసి నోట్లో పెట్టుకుని
బాతులా ఒక్క అరుపు అరిచింది.

కుషిరోలో వేసవంటే పొగమంచే.
ఆమె సైకిలు నేను తోస్తూ
రేవు దాకా నడిచేవాళ్ళం,
పక్కనే ఉన్నా ముఖం సగమే కనబడేది.
దీపస్తంభం దగ్గర పెద్ద బూర ఒకటి
నిమిషానికోసారి పడవల్ని పిలిచేది.
"అరస్వరం తక్కువ," అంది చెవి ఒగ్గి,
"దానికెవరూ చెప్పినట్టు లేదు."
అలల అడ్డుగోడ మీద కూర్చుని, ఓబో బిగించి,
సముద్రానికి శ్రుతి ఇచ్చింది
పదిహేడేళ్ళ పిల్ల.
బూర వినలేదు. నేను విన్నాను.

ఆ సాయంత్రం మేం ముద్దు పెట్టుకోలేదు.
పెట్టుకున్నట్టు చాలా ఏళ్ళు జ్ఞాపకం ఉంచుకున్నాను.
జరిగింది ఇంతే:
చల్లబడిన తన చెయ్యి నా కోటు జేబులో పెట్టింది.
అక్కడ నలిగిన బస్సు టిక్కెట్టు, నా చెయ్యి, ఆమె చెయ్యి,
మూడూ కాసేపు ఊరుకున్నాయి.

ఫిబ్రవరిలో వంతెన మీద మంచు నల్లగా గడ్డకట్టింది.
చేపల లారీ.
ఇంతకంటే రాయను.

వాళ్ళింట్లో పటం ముందు
చిన్న కంచు గిన్నె, పక్కన పుల్ల.
వచ్చినవాళ్ళు తొందరగా తట్టి
తొందరగా చేతులు జోడించారు.
నా వంతు వచ్చింది.
లోకంలో నాకు వచ్చిన పని అదొక్కటే:
అంచుకు కాస్త కింద, మణికట్టు వదిలేసి,
తాకీ తాకగానే వెనక్కి వచ్చేయాలి,
మోగడం దానికే విడిచిపెట్టాలి.
విడిచిపెట్టాను.
ఎంతసేపో మోగింది. గదిలో ఎవరూ దగ్గలేదు.
కనోకో ఉంటే అరస్వరం తక్కువ అనేదేమో.
నాకేం తెలుసు, చేతాళాలవాణ్ణి.

వాళ్ళమ్మ టీ పోస్తూ అంది,
"ఇన్నేళ్ళుగా ఇంట్లోనే ఉంది,
దీనికింత గొంతుందని తెలీదు."
వెళ్ళేటప్పుడు ఫిలిం డబ్బా ఒకటి చేతిలో పెట్టింది.
లోపల రీడు. మొదట్లో ఎర్రదారం, కొసన పంటిగాటు.

ఇప్పుడు చేపల వేలంలో గంట కొడతాను.
చీకటితో ఒకసారి, మొదలైందని.
తెల్లారాక ఒకసారి, అయిపోయిందని.
రెండే దెబ్బలు. మిగతాదంతా నిలబడటం.

రేవులో బూర తీసేశారు,
పడవలకు తెరల మీదే దారి కనిపిస్తుందట.
పొగమంచుకు ఆ కబురు అందలేదు.
కొన్ని పొద్దులు ఆ గోడ దగ్గర ఆగి
ఫ్లాస్కు మూతలో రీడు నానబెడతాను.
చీలిపోయింది, తెలుసు.
ఊదితే గాలి తప్ప ఏమీ రాదు.
మొన్న మాత్రం ఒక్కసారి అరిచింది, బాతులా.
"ఎవరది?" అన్నాడు కాపలా కుర్రాడు
ముఖం కనబడకుండా.

జవాబు చెప్పలేదు.
లెక్కలో ఉన్నాను,
మాట్లాడితే తప్పిపోతుంది.