రెండు నుంచి నాలుగు

ఎంజీఎంల డాక్టరమ్మ కాయితమిచ్చి
"ఓదేలు గారూ, గడియారం గీయండి" అన్నది.
గుండ్రంగనే సుట్టిండు.
లోపట రెండే అంకెలు:
రెండు, నాలుగు.
"మిగతావి?"
"అవి వేరేటోళ్ల డ్యూటీ, మేడమ్."

జాఫ్నా నుంచి వచ్చి ముప్పై ఏండ్లు దాటింది.
కాజీపేట యార్డుల గూడ్సు డబ్బాలు గుద్దుకుంటె
ఇప్పటికీ మంచం కింద బూట్లు తడుముతడు.
తెల్లారి ఉప్పు పేరు దొరకదు,
"అదే... తెల్లది" అంటడు.
తుపాకి నంబరు అడుగు, గుక్క తిప్పుకోకుండ చెప్తడు.

నిద్ర లేక మతి తప్పిందా,
మతిల ఎవడో కావలున్నందుకు నిద్ర వస్తలేదా,
చీటి మీద ఆ ముచ్చట లేదు. గోలీలున్నయి.

రాత్రి రెండింటికి లేచి తలుపుకాడ నిలబడ్తడు.
నేను శాలువ కప్పుకొని ఎదురుంగ పోత:
"నాలుగైంది. నా వంతు. నువ్వు పో, పండు."

ఒక్కోనాడు నమ్ముతడు.
టార్చి నా చేతిల పెడ్తడు.