పక్క తలుపు

వ్యాసర్‌పాడిలో, పిండిమిల్లు మీది గదిలో
సాయంత్రం ఏడింటికి నా బడి.
కింద మిల్లు ఆడుతున్నంతసేపూ
నల్లబల్ల సన్నగా వణుకుతుంది.
గీసిన సున్నా ఎన్నడూ గుండ్రంగా రాదు.
సర్దుకోండి, అంటాను.
సర్దుకోవడం వీళ్ళకు నేను నేర్పాలా.

డిప్లొమా చేతికొచ్చినవాళ్ళు,
ఇంజనీరింగు రెండో ఏడాదిలోకి
పక్క తలుపులోంచి దూరబోయేవాళ్ళు.
మొదటి ఏడాది లెక్కలు
వీళ్ళు చేరేలోపే అక్కడ అయిపోయి ఉంటాయి,
పెళ్ళికెళ్ళేసరికి పంక్తి లేచిపోయినట్టు.
ఆ ఒక్క పంక్తినీ
జూన్, జూలై రాత్రుల్లో ఇక్కడ మళ్ళీ వేస్తాను.

పెంచలయ్య కూతురు కృపావతి
మూడేళ్ళు లేతు ముందు నిలబడ్డ పిల్ల.
మైక్రోమీటరు బిగించకముందే
బొటనవేలితో నిమిరి
ఇంకో వెంట్రుక మందం తీయాలి సార్, అనగలదు.
బోర్డు మీద లిమిట్ అని రాస్తే మాత్రం
తల దించుకుంది.

డ్రాయింగులో లిమిట్ అంటే ఏమిటమ్మా, అన్నాను.
ఇరవై అయిదు దగ్గరికి పోవచ్చు సార్,
దాటి కోస్తే పీసు పనికిరాదు.
దగ్గరికంటే ఎంత దగ్గరికి?
ఎంతంటే అంత సార్. చెయ్యి ఓర్చుకున్నంత.
ఆ పుస్తకంలో ఉన్నదీ అదే.
నువ్వు చేత్తో చేసినదానికి
వాళ్ళొక బాణం గుర్తు పెట్టుకున్నారు.

ఆ రాత్రి ఇంటెగ్రల్ దాకా పోయాం.
టూలు కింద రాలిన ఇనుప చుట్టలన్నీ
ఏరి, తూచి, మొత్తం ఎంత తరిగిందో చెప్పడం,
ఆ పొడుగాటి కొంకి గుర్తు పని అంతే, అన్నాను.
పూర్తి నిజం కాదు.
ఆ పూటకి చాలింది.

లెక్కలు నయం. కాయితాలే కష్టం.
టీసీ, కులం సర్టిఫికెట్టు, ఆరు సెమిస్టర్ల మార్కులు,
ఇంకా, ఇంట్లో మొదటి పట్టభద్రురాలు కాబోతోందని
తాలూకా ఆఫీసు ముద్ర.
మూడుసార్లు తిరిగాం.
నాలుగోసారి గుమాస్తా తలెత్తాడు:
మీ ఇంట్లో డిగ్రీ చదివినవాళ్ళు ఎవరూ లేరా?
లేరు.
అమ్మ వైపు?
లేరు.
తాత?
కార్పొరేషను చీపురు పట్టాడు సార్.
పెంచలయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు,
ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు.
ఎవరూ లేరన్న మాట మీద
ఊదారంగు ముద్ర పడింది.
ఇంతకాలం లేనిదేదో
మొదటిసారి ఆ ఇంటికి పనికొచ్చింది.

బ్రౌజింగ్ సెంటర్లో కాలేజీలు వరస పెట్టేటప్పుడు
ఆమె బస్సు నంబరు చూసి ఎంచుకుంది,
కాలేజీ పేరు చూసి కాదు.
నాకు కోపం వచ్చింది.
రాత్రి ఎనిమిదికి మా నాయన డ్యూటీకి పోతాడు సార్,
తమ్ముడి దగ్గర ఎవరుంటారు, అంది.
కోపం ఎవరి మీదో తెలియక
రెండు టీలు చెప్పాను.

నా సంగతి ఆమెకు చెప్పలేదు.
తొంభై మూడులో ఈ తలుపులోంచే వెళ్ళాను.
లేటరల్, లేటరల్ అని పిలిచి పిలిచి
నా పేరు హాజరుపట్టీలోనే మిగిలింది.
ఏడాదిన్నరకు తిరిగొచ్చాను.
మానేశానో, మాన్పించారో
ఇప్పటికీ తేల్చుకోలేదు.
ఈ గదిలో నేను చెప్పే లెక్కలన్నీ
నేను తప్పినవే.

సెప్టెంబరులో ఫోను.
మొదటి పరీక్షలో యాభైకి పదకొండు సార్.
నేను గోడ పట్టుకున్నాను.
ఆమె ఆగలేదు.
క్లాసులో మేడమ్ అడిగారట,
లేటరల్ వాళ్ళు చేతులెత్తండి, అని.
ఏడు చేతులు లేచాయి, ఆరు దిగాయి.
నాది దించలేదు సార్.
ఏంటమ్మా అంటే,
ఎలాగూ ఎత్తాను కదా మేడమ్,
ఆ మూడో లైను మళ్ళీ చెప్పండి, అన్నాను.

చెప్పిందా?
చెప్పింది సార్. రెండుసార్లు.
రెండోసారి ముందు బెంచీవాళ్ళు కూడా రాసుకున్నారు.

కింద మిల్లు ఆగింది.
బల్ల కదలడం లేదు.
ఈ నిమిషంలో గీస్తే
సున్నా గుండ్రంగా వస్తుందేమో,
సుద్దముక్క వెతుక్కుంటున్నాను.