చెల్లని ఖర్చు

జనవరి ముప్ఫై ఒకటి. రాత్రి పదిన్నర.
హడర్స్‌ఫీల్డ్‌లో వాన ఏటవాలుగా పడుతోంది,
ఎవరో విసుగ్గా కొట్టేసిన గీతల్లా.
వంటగది బల్ల మీద బూట్ల డబ్బా బోర్లించాను.
ఏప్రిల్ నుంచి ఏప్రిల్ దాకా
ఏడాది మొత్తం పొర్లుకుంటూ వచ్చింది:
పార్కింగ్ చీటీలు, రైలు టిక్కెట్లు,
ఒక శాండ్‌విచ్ బిల్లు, దాని మీద ఆ శాండ్‌విచ్ తాలూకు నూనె.

నేను దుబాసీని.
గంటకు ఇంత అని నా నోరు అద్దెకిస్తాను.

డోరీన్ దొరికేదాకా నావన్నీ కాకిలెక్కలు.
రెండిళ్ల అవతల ఉంటుంది.
నలభై ఏళ్లు ఉన్ని మిల్లులో జీతాల పుస్తకం రాసిన చెయ్యి.
డబ్బులొద్దంది, నిమ్మకాయ పచ్చడి సీసా చాలంది.
చెవి వెనక నుంచి పెన్సిలు తీసి
మొదటి రోజే చెప్పింది:
"రసీదు లేకపోతే జరగనట్టే, బంగారం."

మైలుకి నలభై అయిదు పెన్నీలు.
నిఘంటువు చెల్లుతుంది.
ఫోను సగం చెల్లుతుంది,
ఏ సగమో నాకూ తెలీదు.
కోర్టుకని కొన్న నల్ల కోటు చెల్లదు.
"అది లేకపోతే చలికి వణుకుతావుగా,
అంటే ఒంటికోసం కొన్నట్టే" అంది డోరీన్.
చట్టానికి నాకో ఒళ్లుందని గుర్తుండటం
అదే మొదటిసారి.

రసీదు కాయితం మోసకారి.
జూన్ నాటి అక్షరాలు పాలిపోయాయి.
దీపం కింద అటూ ఇటూ వంచితే
ఒకదాంట్లో తేదీ ఉంది, డబ్బు లేదు.
ఇంకోదాంట్లో డబ్బు ఉంది, ఎక్కడో లేదు.
ఫొటో తీసుకోమని వందసార్లు చెప్పింది.
వందసార్లూ తల ఊపాను.

జమ వైపు రాస్తున్నాను:
బుకింగ్ నంబరు, రెండు గంటలు, యాభై రెండు పౌండ్లు.
పేర్లు రాయకూడదు, రాయను.
నంబరు చూడగానే గొంతు వినబడుతుంది, అంతే.
ఏడువేల నాలుగువందల పదమూడు:
"నేను కొట్టలేదు" అని మూడుసార్లు అన్నవాడు.
మూడుసార్లూ నేనూ అన్నాను ఇంగ్లీషులో,
నేను కొట్టలేదు, నేను కొట్టలేదు,
జడ్జి కళ్లలోకి చూస్తూ.
కొట్టాడో లేదో ఇప్పటికీ తెలీదు.
ఏజెన్సీ ఆ యాభై రెండూ ఇప్పటికీ బాకీ.

డబ్బా అడుగున పసుపు కవరు.
డెబ్బై పౌండ్ల జరిమానా.
వేక్‌ఫీల్డ్ ఆసుపత్రి, మొన్నటిది కాదు, అంతకు ముందటి నవంబరు,
గంటా నలభై నిమిషాలు అదనం.

ఆరోజు పని నాలుగింటికే అయిపోయింది.
డాక్టరు చెప్పాల్సింది చెప్పాడు,
నేను తెలుగులో చెప్పాను,
నా కాయితం మీద సంతకం పెట్టి ఆయన వెళ్లిపోయాడు.
ఆమె కుర్చీలోంచి లేవలేదు.
"ఇప్పుడేం చెయ్యాలండీ" అంది.
దాన్ని ఎవరికి తర్జుమా చెయ్యను?
గదిలో ఉన్నది నేనొక్కదాన్నే.
కూర్చున్నాను.
కాసేపటికి, ఇక్కడ కుక్కరు వాషరు ఎక్కడ దొరుకుతుందని అడిగింది.
లీడ్స్‌లో ఓ కొట్టు ఉందన్నాను.
ఎన్ని విజిళ్లకు పప్పు ఉడుకుతుంది,
ఈ నీళ్లకు ఒకటి ఎక్కువ పడుతుందా,
చీకటి పడేదాకా కుక్కర్ల గురించే మాట్లాడుకున్నాం.

డోరీన్ కళ్లద్దాలు నుదుటికి తోసి చూసింది ఆ కవరుని, పోయిన వారం.
"జరిమానాలు చెల్లవు. రాజుకైనా చెల్లవు."
కాసేపాగి అడిగింది,
"అంతసేపు ఏం చేశావక్కడ?"
చెప్పకూడదు.
టీ పెట్టనా అన్నాను.

పదకొండూ యాభై రెండు. మీట నొక్కాను.
అందిందని తెరమీద ఒక పొడుగాటి నంబరు.
అందరివీ అన్నీ నంబర్లే.

చీటీలన్నీ రబ్బరు బ్యాండుకెక్కాయి.
పసుపు కవరు ఏ కట్టలోనూ ఇమడలేదు,
నిఘంటువులో పెట్టేశాను. ఏ పేజీయో చూడలేదు.

రేపు తొమ్మిదింటికి బ్రాడ్‌ఫర్డ్.
పార్కింగుకి చిల్లర తీసి పెట్టుకోవాలి,
పనికి పట్టేదానికంటే
ఓ గంట ఎక్కువకే.