వాలుగ దవడ

చిలకపాలెంలో ఆటో ఎక్కేలోగా
మూడు జవాబులు కట్టుకున్నాను.
పొందూరులో గున్నమ్మ మామ్మ ముందు
ఒక్కటీ నిలవలేదు.

వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతూనే అడిగింది:
"బాప్తిస్మం అన్నావు.
నీ తరపున ఈదంతటితో తగువాడినాను.
ఇప్పుడదీ కాదంతన్నావు.
రేపు నానేటి సెప్పాల?"

చదివిందేదో చెప్పబోయాను.
"అది ఆలు రాసింది. నీదేటి?"

చాలాసేపు దూది ఎగిరింది.

"కళ్ళు మూసుకుంటే
నా గొంతే నాకు వినిపిస్తోంది మామ్మా.
ఎవరో వింటున్నట్టు
ఇంక మోకాళ్ళూనలేను."

దవడ ఆగింది.
పళ్ళ సందున ఇరుక్కున్న నలక తీసి
ఎండకేసి చూసి, ఊదేసింది.

"ఇదైతే సెప్పగలను,
కుళాయి కాడ ఎవులడిగినా."

మళ్ళీ దువ్వుతూ:
"సిలువ పారేసినావేటి?"

లేదు.
జేబులో ఉంది.
దానికింకా జవాబు లేదు.