మంచు మీది గది

పెట్టించుకున్నప్పుడు ఎవరూ ఏమీ అడగలేదు.
క్రెడిట్ కార్డు ఒకటి, చిరునవ్వు ఒకటి.
శుక్రవారం పొద్దున్న వెళ్లి మధ్యాహ్నానికి ఇంటికి.
తీయించుకుంటానంటే మాత్రం
ఊళ్లో ఉన్న కాగితమంతా తెమ్మంటున్నారు.

నా పేరు వెర్నా లిండ్‌క్విస్ట్. డులూత్‌లో
బడి వంటశాలలో ఇరవై రెండేళ్లుగా
ఉడికించి మెదిపిన ఆలుగడ్డ కొలిచి వడ్డిస్తున్నాను.
ఏ పిల్లాడికీ ఒక గరిటె ఎక్కువ లేదు,
ఏ పిల్లకీ ఒక గరిటె తక్కువ లేదు.

ఎడమవైపుది గట్టిపడింది.
మొదట ఫ్రిజ్‌లో మరిచిపోయిన వెన్నముద్దలా,
తర్వాత బేస్‌బాల్ బంతిలా.
జనవరిలో నాకంటే ముందే చల్లబడుతుంది,
ఇంట్లోకొచ్చాక నాకంటే ఆలస్యంగా వెచ్చబడుతుంది.
డాక్టరమ్మ నొక్కి చూసి "తీసెయ్యడమే" అంది.
అది సగం వాక్యం.
మిగతా సగం కింద కౌంటర్లో చెప్పారు:
తొమ్మిది వేల నాలుగు వందల డాలర్లు.
మత్తుమందు వేరే. గది అద్దె వేరే.
తీసినదాన్ని ల్యాబ్‌కి పంపితే అదీ వేరే.

ఇన్సూరెన్స్ వాళ్ల ఉత్తరం పల్చగా వచ్చింది.
కవరు తెరవకముందే వేళ్లకు తెలిసిపోయింది.
"అవసరం రుజువు కాలేదు."
ఫోన్ చేస్తే, నలభై నిమిషాల వాయిద్యం తర్వాత
డెస్మండ్ అనే కుర్రాడు, జలుబు గొంతు,
అప్పీలు చేసుకోవచ్చన్నాడు.
చేస్తే ఒప్పుకుంటారా?
"అది నేను చెప్పకూడదండీ."
ఒప్పుకోరా?
"అదీ చెప్పకూడదండీ."
వేడిగా ఏమైనా తాగు నాయనా అని పెట్టేశాను.

అప్పీలు ఫారంలో
నొప్పి పదికి ఎంత అని అడిగారు.
ఏడు అని రాసి, కొట్టేసి, ఎనిమిది వేసి,
అబద్ధమనిపించి మళ్లీ ఏడు చేశాను.
ఆ కొట్టివేతే నన్ను ముంచిందేమో.

నా దగ్గర అమ్మగలిగింది ఒకటే ఉంది:
సరస్సు గడ్డకట్టాక మంచు మీదికి ఈడ్చుకెళ్లి
నేలలో బెజ్జం చేసి చేపలు పట్టుకునే చెక్క గది.
రాయ్ వెళ్లిపోయాక
నాకోసం నేను కొనుక్కున్న ఒకే ఒక్క వస్తువు.
ఆ రెండూ అతనికోసం కొన్నవి.

కాదు. నిజం చెప్పాలి.
అవీ నాకోసమే.
ఆ వేసవిలో అద్దం ముందు నిలబడి
నన్ను చూసి నేనే ఈల వేశాను.
ఈ ముక్క ఏ ఫారంలోనూ రాయలేదు.

గది కొనడానికి ఆర్వో నియెమి వచ్చాడు,
డెబ్బై దాటినవాడు, టోపీ చెవులు కిందికి లాగి.
పొయ్యి ముట్టించి చూశాడు, తలుపు ఊపి చూశాడు.
ఎందుకమ్ముతున్నావన్నాడు. చెప్పాను.
అతను నేలలోని బెజ్జం వైపు చూస్తూ
"మా హెల్వికీ తీశారు" అన్నాడు,
"క్యాన్సరయ్యాక పెట్టినవి.
మేం ఒక్క సెంటు కట్టలేదు."
అదే సిలికాన్. అదే ఎడమవైపు.
ఆమెకి జబ్బు ముందొచ్చింది, నాకు వెనకొచ్చింది.
వరసలో నన్ను దాటి ముందుకెళ్లినవాడిలా
తల దించుకున్నాడు.
అయినా రెండు వందలు తగ్గించమన్నాడు.
తగ్గించాను.

మూడు వేల ఆరు వందలు, చేపవాసన కొట్టే నోట్లు.
కాస్త మా అక్క ఇంగ ఇచ్చింది, దెప్పకుండా,
అదొక్కటే భయమేసింది.
మిగిలింది ఇరవై నాలుగు వాయిదాలు.

ఆపరేషన్ తర్వాత అడిగాను, ఇస్తారా అని.
నర్సు ప్లాస్టిక్ డబ్బా చేతిలో పెట్టి
"మీవేగా, డబ్బు కట్టింది మీరేగా" అంది.
అవి ఎవరివో ఇన్నాళ్లకు
ఒక మనిషి తేల్చి చెప్పింది.

ఇంటికొచ్చి వంటింటి త్రాసు మీద పెట్టాను.
ఒక్కోటి మూడు వందల నలభై గ్రాములు.
ఐదో తరగతి పిల్లలిద్దరికి సరిపడా ముద్ద.
మూత పెట్టి, ఎక్కడ దాచాలో తోచక
ఉప్పు డబ్బా పక్కన పెట్టాను.

మార్చి నెలాఖరు.
దూరంగా సరస్సు విరుగుతున్న చప్పుడు.
నా గదిని ఆర్వో ఈపాటికి
ఒడ్డుకి లాగేసుంటాడు.
పంతొమ్మిదేళ్ల తర్వాత, కుట్లు ఆరాక,
పసిబిడ్డ మొదటిసారి తిరగబడ్డట్టు
మెల్లిగా, ఊపిరి బిగబట్టి,
బోర్లా పడుకున్నాను.