పల్సగా కొట్టన్నా

మొదటిసారి రాసినప్పుడు ఏడుగురు.
సుగర్ ఫేక్టరీలో రాత్రి డ్యూటీ దిగి
మడ్డి వాసన వొంటి మీదుండగానే వొచ్చీసి
నా బడ్డీ ముందు వరసగా నిలబడినారు,
పేర్లు కాదు, ఫోటో తీయించుకుంతన్నట్టు.
పెద్ద డ్రమ్ము మొకం మీద పైన వొంపుగా
చైతన్య మెలోడీస్, ఆమదాలవలస.
కింద తవిటయ్య, క్లారినెట్టు.
జోగులు, ట్రంపెట్టు.
పారినాయుడు, అన్నదమ్ములిద్దరు, తాళాల ముసిలాయన.
డిల్లేసుకి మాత్రం రెండు సోట్ల రాసినాను:
మగగొంతు ఓ పక్క, ఆడగొంతు ఓ పక్క.
ఆ రోజుల్లో మైకు ముందుకొచ్చే ఆడమనిసేది మరి?
రెండు పేర్లకీ డబ్బులు తీసుకున్నాను.

మూడో ఏడు గున్నమ్మ వొచ్చినాది,
నరసన్నపేట నుంచి, బాబు సైకిలు ఎనక కూకోని.
డిల్లేసు రెండో పేరు మీద తెల్లరంగు కొట్టాల.
పక్కనే గొంతుక్కూర్చుని సూసినాడు.
"పల్సగా కొట్టన్నా," అన్నాడు,
అంతే.

జోగులు పారాదీపు రేవుకి ఎల్లిపోనాడు.
ట్రంపెట్టు పట్టుకెళ్లినాడు, బాకీ వొగ్గీసినాడు.
అన్నదమ్ముల్లో సిన్నోడు బొబ్బిలి బేండులో కలిసిపోతే
పెద్దోడు ఓ సీజనంతా
తమ్ముడి పేరు సెరపనివ్వలేదు.
పాలకొండ నుంచి ఓ గుంటడొచ్చినాడు, కీబోర్డు సంకనెట్టుకుని.
ఒక్క ఏలితో ఫ్లూటు, ఒక్క ఏలితో వయొలిను,
నొక్కితే వాన కూడా పడతాది.
వాడి ఒక్క పేరు రాసి మూడు పేర్లు సెరిపీసినాను.
తవిటయ్య క్లారినెట్టు సంచీలో సర్దుకుంతూ
"అచ్చరాలు బాగున్నాయిరా," అన్నాడు నాతోటి.

పలాస జాతరలో
జీడిపప్పు ఉప్మా ముందెవులికి ఒడ్డించినారని
మొదలైన మాట
తెల్లారేసరికి రెండు బేండులైపోనాది.
న్యూ చైతన్య ఒకటి, అసలు చైతన్య ఒకటి.
రెండూ నానే రాసినాను.
ఒకే కుంచె, ఒకే డబ్బాలో ఎర్రరంగు.
"అసలు" అన్న మూడచ్చరాలకి
అందరికన్నా ఎక్కువ బేరమాడినారు.
గున్నమ్మ న్యూ లోకి ఎల్లిపోనాది.

ఫేక్టరీ మూసీసినాక
ఈ పెళ్లికున్నోడు వొచ్చే పెళ్లికి ఉండేవోడు కాడు.
"సుద్దముక్కతో రాయి, తడిగుడ్డతో తుడిసీవొచ్చు,"
అని పారినాయుడే సెప్పినాడు.
ఆ వారమే ఆడి పేరూ తడిగుడ్డకి పోనాది.

మొన్న మంగళారం
డిల్లేసు ఒక్కడే ఆటో దిగినాడు, డ్రమ్ము దించుకోని.
"మోగటం నేదన్నా. కర్ర కొడితే
పరుపు మీద కొట్టినట్టుంది.
నీ రంగులే బరువు."
అదీ నిజిమే.
కత్తి మొనతో గోకడం మొదలెట్టినాను.
పొరలు పొరలుగా ఊడతన్నాయి.
నీలం కింద ఎరుపు, ఎరుపు కింద పసుపు,
కీబోర్డు గుంటడి కింద తవిటయ్య సగం,
తవిటయ్య కింద
పెన్సిలు గీత, నా ఇరవయ్యో ఏటి సెయ్యి.

తెల్లపొర కాడికొచ్చేసరికి కత్తి ఆగిపోనాది.
పల్సటి రంగు కదా,
గోరు తగిలితే సాలు, రాలిపోతంది.
అడుగున అచ్చరం సెక్కుచెదరనేదు:
డిల్లేసు, ఆడగొంతు.

ఆడు వొంగి సూసినాడు.
ఏలు మడిసి ఆ పేరు పక్కనే
డ్రమ్ము మీద ఒక్కసారి కొట్టినాడు,
ఇన్నాడు.
తరవాత గొంతు సవరించుకుంతన్నాడని
నాను ఎల్లి రేడియో కట్టీసినాను.