ఈడ్నే ఉండాది

పీణ్యా రెండో స్టేజి. పౌడర్ కోటింగ్ షెడ్డు పైన మా మేడ.
రాత్రి పదకొండున్నర.
బోరు మోటారు నడిపే బోర్డు మీద
ఆకుపచ్చ దీపం వెలగాలి. వెలగదు.

పదిహేడు వందల పేజీల పుస్తకం
పక్క చిప్ ఫలానా అంకె దగ్గర మొదలవుతుందంటుంది.
ఉంటే ఉంది.
ఆ అంకె పట్టుకుని నేరుగా వెళ్తే
కెర్నెల్ గుమ్మంలోనే పడగొడుతుంది,
దాని ఊళ్ళో ఆ వీధి లేదు.
అడగాలి: ఇక్కణ్ణించి నాలుగు వేల తొంభై ఆరు బైట్లు
నీ లెక్కలో ఎక్కడో ఒకచోట నాకు చూపించమని.
అప్పుడది పేజీ పట్టికలో ఒక వరస రాసుకుని
ఇంకో అంకె చేతిలో పెడుతుంది.
మత్తికెరెలో నా అద్దె గదికి
పాత నంబరు పదిహేడు, కొత్త నంబరు నలభై రెండు.
కరెంటు బిల్లు ఒకదానికొస్తుంది, కొరియర్ కుర్రాడు రెండోదానికి.
తలుపు ఒకటే, గొళ్ళెం సరిగ్గా పడదు.

కాష్ వద్దని కూడా చెప్పాలి.
నిన్నటి జవాబు దాచిపెట్టి ఇవాళ చెబితే ఇక్కడ కుదరదు,
ప్రతిసారీ వెళ్ళి అడగాల్సిందే.
కొన్ని రిజిస్టర్లు ఒక్కసారి చదివితే చెరిగిపోతాయి.
అలాంటి మనుషులు నాకిద్దరు తెలుసు.

మ్యాప్ అయింది. చదివాను.
బోర్డు మొత్తం గడ్డకట్టింది.
కర్సరు రెప్ప వేయడం మానేసింది.

మూడోసారి రీసెట్ నొక్కుతుంటే వచ్చాడు మునివెంకటప్ప.
ముళబాగిలు పక్క మనిషి, సోల్డరింగ్ బల్ల ఆయనది,
ఆయన తెలుగు నా తెలుగుకి మేనమామ వరస.
నుదుటి మీది భూతద్దం దించి
నువ్వుగింజంత కాలికి స్కోపు మొన ఆనించాడు.
తెర మీద అలలు లేవు, చదును గీత.
"నువ్వు యెతికేది ఈడ్నే ఉండాది మేడం.
దీనికి క్లాకే రాలేదు.
పండుకోనుండేవాన్ని పిలిస్తే యేం పలుకుతాడు?"

ఒక్క బిట్టు. రాయాల్సిన చోట నేను రాయని ఒకటి.
రాశాను, మళ్ళీ చదివాను.
పలికింది.
రిలే టక్కుమంది, ఆయన బొటనవేలి కాలిన మచ్చ మీద
ఆకుపచ్చ వెలుగు పడింది.

ఐరన్ ఆపి, టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుంటూ అడిగాడు:
"ఇంతకీ నీ మిషనులో దాని నంబరెంత?"
పదహారు అక్షరాలు. ఎఫ్‌లతో మొదలుపెట్టి చదువుతూ పోయాను.
సగంలోనే ఆపాడు.

"అంత దూరమా?
జానెడు లేదే."